ఎండవైపు వాలిన ఊరు

చిరంజీవులకు ఆశీస్సులు.

కొండ మీది ఊరి ఫోటో చూసి మీలో చిన్నది అడిగిన ప్రశ్న: "ఇళ్ళన్నీ ఒకే వైపు చూస్తున్నాయేం తాతయ్యా? ఎవరైనా వస్తున్నారా?" వస్తున్నాడమ్మా, సూర్యుడు. ఆ ఊరి సంగతులు ఏవి చెప్పబోయినా ఆయన దగ్గరికే వెళ్ళి ఆగుతాయి.

ఊరి పేరు సాన్ వెరాన్. ఫ్రాన్సుకు ఆగ్నేయాన, ఇటలీ సరిహద్దు పక్కన, కేరాస్ అనే ఆల్ప్స్ లోయల్లో ఉంది. ఎత్తు దాదాపు 2040 మీటర్లు. మన తూర్పు కనుమల్లో అంత ఎత్తైన శిఖరం ఒక్కటి కూడా లేదు. ఐరోపాలో అన్నిటికన్నా ఎత్తైన ఊరు తమదేనంటారు వాళ్ళు. ఇటలీలోని త్రెపాల్లె వాళ్ళు ఒప్పుకోరు. ఆ తగవు వాళ్ళకే వదిలేద్దాం. జనం మూడొందలు కూడా లేరు గానీ, ఊరికి సొంత మేయరు ఉంటారు, ఆరేళ్ళకోసారి ఎన్నికలు జరుగుతాయి, పుట్టుకలూ పెళ్ళిళ్ళూ రాసుకునే ఆఫీసూ ఉంది. ఫ్రాన్సులో చిన్న ఊళ్ళకీ ఇదే ఏర్పాటు. వాటిని కమ్యూన్లంటారు, 1789 విప్లవం నాడు ఏర్పడ్డవి. దేశంలో దాదాపు 35 వేలున్నాయి.

ఇక సూర్యుడి సంగతి. చలికాలంలో గుమ్మడి వడియాలు పెట్టిన చేటను అమ్మమ్మ ఏం చేస్తుంది? ఒక అంచు కింద ఇటుక పెట్టి ఎండవైపు వాలుస్తుంది. సాన్ వెరాన్ ఉన్న కొండవాలు అలాంటి చేటే, దక్షిణానికి వాలి ఉంది. డిసెంబరు చివర్లో అక్కడ నడిమధ్యాహ్నం కూడా సూర్యుడు నేల నుంచి 22 డిగ్రీలే పైకి వస్తాడు. చదును నేల మీద ఆ ఎండ ఏటవాలుగా పడి పలచబడిపోతుంది. నేల 20 డిగ్రీలు దక్షిణానికి వాలి ఉందనుకోండి, అదే ఎండ 42 డిగ్రీల కోణంలో తగులుతుంది. చదును నేల కన్నా ఒకటిన్నర రెట్లు మించి వేడి దక్కుతుంది. అదే 20 డిగ్రీలు ఉత్తరానికి వాలితే మిగిలేది 2 డిగ్రీలు, అంటే ఎండ లేనట్టే. అందుకే లోయకి ఇవతల ఊరూ పొలాలూ, అవతల అడవి.

చేటను ఇంకాస్త పట్టుకుని ఉంటాను. వడియాలు అంటుకుపోకుండా మధ్య ఎడం వదులుతాం కదా. అక్కడ ఇళ్ళు గుంపులుగా, వాడలుగా ఉంటాయి. వాడకీ వాడకీ మధ్య కావాలనే ఖాళీ జాగా వదిలారు. ఇళ్ళ పైభాగమంతా కొయ్య, దాని నిండా ఎండుగడ్డి. ఒక వాడ అంటుకుంటే మంట రెండో వాడకి దూకకూడదు. ఒక్కో వాడకీ కొయ్యతొట్టి ఉన్న నీటిధార వేరు, రొట్టెల పొయ్యి వేరు. (మా కాలంలో సెలవుల్లో పిల్లలకి అప్పజెప్పే పెద్ద ఉద్యోగం ఆ చేటల దగ్గర కాకుల్ని తోలడం. జీతం, సగం ఎండిన వడియం ఒకటి.)

ఇల్లు ఎలా కట్టేవారంటే, కింది భాగం దళసరి రాతిగోడ. అందులో ఒకే పెద్ద గది, చిన్న కిటికీ. చలికాలమంతా మనుషులూ ఆవులూ గొర్రెలూ అందులోనే. పశువుల ఒంటి వేడే గదికి వేడి. 1970ల దాకా ఒక కుటుంబం అలాగే ఉండేదట. పై అంతస్తు లార్చ్ చెట్టు దుంగలతో, మూలల్లో గంట్లు కొట్టి ఒకదానిలో ఒకటి కూర్చినది. సూదుల్లాంటి ఆకులుండే చెట్లలో చలికాలం ఆకు రాల్చేవి అరుదు, లార్చ్ రాలుస్తుంది. దాని కొయ్యలో జిగురు ఎక్కువ, తొందరగా కుళ్ళదు, ఎండకి నల్లబడుతుంది. దుంగల మధ్య సందులు మాత్రం పూర్తిగా మూసేవారు కాదు. గాలి ఆడకపోతే లోపలి గడ్డి బూజు పడుతుంది. ముందువైపు పొడుగాటి వసారాలు. కోసిన రై ధాన్యపు పనలు అక్కడ వేలాడదీసేవారు. అదీ చేటే, చేట మీద చేట.

రై అనేది గోధుమకి చుట్టం లాంటి ధాన్యం. మన వరి నాలుగు నెలల్లో ఇంటికొస్తుంది. అక్కడ రై విత్తేది ఆగస్టు ప్రాంతంలో, కోసేది మరుసటి ఏడు ఆగస్టు చివర్లోనో సెప్టెంబరులోనో. పన్నెండు నెలలు దాటి నేలలో ఉండేది. ఈ ఏటి పంట కోయకముందే వచ్చే ఏటిది విత్తాలి కాబట్టి ఒకే పొలం ముక్కలో రెండూ కుదరవు, రెండు ముక్కలు కావలసి వచ్చేది, ఒకదాన్లో పైరుంటే రెండోది బీడు. మంచు కింద మొలక చావదు. మంచు పడకుండా ఉత్త చలి వేస్తేనే చస్తుంది. వసంతంలో మంచు కరగడం ఆలస్యమైతే గింజ నిండదు. అందుకని ఆల్ప్స్‌లో కొన్నిచోట్ల మంచు మీద మట్టి చల్లేవారు. నల్లటిది ఎండని పట్టి మంచుని తొందరగా కరిగిస్తుంది. వాలు పొలంలో మట్టి ఏటేటా కిందికి జారుతుంది. దాన్ని బుట్టలకెత్తి మళ్ళీ పై గట్టుకి మోసేది మనుషులే.

రొట్టెలు ఏడాదికి ఒకటి రెండు సార్లే కాల్చేవారు. చల్లగా ఉన్న పొయ్యిని మొదటిసారి వేడి చేయడానికి చాలా కట్టె ఖర్చు. ఒకసారి రాజేశాక ఇంటి తర్వాత ఇల్లు వరుసగా కాల్చుకోవాలి. మొదటి వంతు ఎవరికీ వద్దు, అందుకని చాలా ఊళ్ళలో చీటీలు వేసేవారు. నెలలు నిలవున్న రొట్టె రాయిలా గట్టిపడేది. పలకకి బిగించిన కత్తితో నరికి సూపులో నానబెట్టి తినాలి. పళ్ళు కదులుతున్న వాళ్ళ గతి ఏమిటని అడగొద్దు.

ఆరు నెలల మంచులో చేయడానికి పొలం పని ఉండదు. కాబట్టి చదువుకున్నారు! బ్రియాన్సాన్, కేరాస్ ప్రాంతాల నుంచి శీతాకాలంలో కొందరు కిందికి దిగి సంతల్లో పంతుళ్ళుగా కుదిరేవారు. టోపీలో ఒక ఈక ఉంటే చదవడం రాయడం నేర్పుతారని గుర్తు, రెండుంటే లెక్కలు కూడా, మూడుంటే లాటిన్ కూడా. చదువు వాళ్ళకి అక్కరకొచ్చిన విద్యే. 1343లోనే ఆ లోయలవాళ్ళు తమ ప్రభువు రెండో హుంబెర్‌కి సొమ్ము చెల్లించి, పన్నులు తామే పంచుకునే హక్కు పత్రం మీద రాయించుకున్నారు. పత్రం చదవలేనివాడు హక్కుని ఎలా కాపాడుకుంటాడు?

ఇళ్ళ ముందు గోడల మీద ఎండగడియారాలు కూడా చూడండి. 1833 నుంచి 1881 దాకా జర్బులా అనే ఇటలీ చిత్రకారుడు ఆ ప్రాంతమంతా తిరిగి ఇలాంటివి వేశాడు. గోడకి దిగ్గొట్టిన ఊచ తిన్నగా బయటికి ఉండదు, కిందికి వాలి ఉంటుంది. అది భూమి ఇరుసుకి సమాంతరంగా ఉండాలి. సాన్ వెరాన్ 45వ అక్షాంశానికి దగ్గర కాబట్టి గోడకీ ఊచకీ మధ్య దాదాపు 45 డిగ్రీలు. తిన్నగా దిగ్గొడితే ఇవాళ పదింటికి పడిన నీడ ఆరు నెలల తర్వాత పదింటికి వేరే గీత మీద పడుతుంది. అన్నీ సరిగ్గా ఉన్నా అది చేతి గడియారంతో కలవదు. ఫ్రాన్సు గడియారాలు తూర్పున చాలా దూరంలో ఉన్న రేఖాంశాన్ని బట్టి నడుస్తాయి, కాబట్టి అక్కడ సూర్యుడి పన్నెండు అయ్యేసరికి చలికాలంలో గడియారం పన్నెండున్నర చూపిస్తుంది, వేసవిలో ఒకటిన్నర.

అలాంటిది మనింటి దక్షిణపు గోడ మీదా గీసుకుందామని పెద్దాడు ఉబలాటపడతాడు, నాకు తెలుసు. వద్దనను. కానీ ముందు మే రెండో వారం నుంచి ఆగస్టు మొదటి వారం లోపు ఏదో ఒకరోజు, మధ్యాహ్నం పన్నెండుంపావుకి ఆ గోడ దగ్గర నిలబడండి. దాని మీద ఎండ ఉందో లేదో, మీ నీడ ఏ దిక్కున పడిందో చూసి, ఎందుకో మీరే తేల్చుకుని నాకు రాయండి.

మీ తాతయ్య