శెనక్కాయ నూనె, ఉప్పు నీళ్ళు, టెన్షన్ స్క్రూ: కుట్టుపని మీద కొన్ని అపోహలు

అనంతపురంలో ఇంటి ముందు గదిలో మిషను వేసుకుని ఇరవై ఏళ్ళు దాటింది. జాకెట్లు కుట్టేది బతుకుతెరువుకు, బొంతలు కుట్టేది ఇష్టానికి. వచ్చేవాళ్ళు గుడ్డతో పాటు ఒక అనుమానమో, ఎవరో చెప్పిన చిట్కానో పట్టుకొస్తారు. వాటిల్లో నేను ఎక్కువగా కాదనేవి ఇవి.

అపోహ: కుట్టు సరిగ్గా పడకపోతే టెన్షన్ స్క్రూ (దారం బిగువు మార్చే మర) తిప్పాలి.

దారం తెగినా, కుట్టు తప్పినా అందరి చెయ్యీ ముందు దాని మీదికే పోతుంది. నేనైతే ముందు సూది మారుస్తాను. మొన అరిగినా, రవ్వంత వంగినా కుట్లు తప్పుతాయి. సూదికి ఒక పక్క పొడుగ్గా గాడి ఉంటుంది, దానికి ఎదురు పక్క పైభాగం చదునుగా ఉంటుంది. దారం గాడి ఉన్న వైపు నుంచే ఎక్కించాలి. తిప్పి బిగించారంటే ఎంత మంచి మిషనైనా మొండికేస్తుంది.

గుడ్డ అడుగున దారం ఉండలు కట్టిందనుకోండి, అందరూ అడుగు దారం చుట్టిన బాబిన్‌ను తిడతారు. చాలాసార్లు తప్పు పై దారానిది. గుడ్డను నొక్కిపట్టే ఫుట్టు ఎత్తి, దారం మొత్తం తీసేసి మళ్ళీ మొదటి నుంచి ఎక్కించండి. ఫుట్టు దించి ఉంటే పై దారాన్ని పట్టి ఉంచే టెన్షన్ బిళ్ళలు బిగుసుకుని ఉంటాయి, దారం వాటి మధ్యకు దిగదు. ఇవన్నీ అయ్యాకే స్క్రూ, అదీ పావు చుట్టు.

అపోహ: అన్ని గుడ్డలకూ ఒకటే సూది చాలు.

సూది పొట్లం మీద 90/14 అని ఉంటే, 90 అంటే సూది మందం 0.9 మిల్లీమీటర్లు, 14 అంటే అదే మందానికి ఇంకో లెక్కలో నంబరు. నేను చెప్పేవి ఈ రెండో నంబర్లే. పల్చటి లైనింగుకూ ధర్మవరం పట్టు జాకెట్టుకూ 11, మామూలు నూలుకు 14, బొంతకు 16, జీన్సుకు 18. పట్టుకు 16 వేస్తే పడిన చిల్లి మళ్ళీ పూడదు.

అపోహ: ఇంట్లో ఉన్న ఏ నూనైనా మిషనుకు పనికొస్తుంది.

శెనక్కాయ పండే జిల్లా కదా, కొత్తలో నేనూ ఆ నూనే పోశాను. మొదటి వారం మిషను వెన్నలా తిరిగింది. రెండు మూడు నెలలకు చక్రం కదల్లేదు. వంటనూనె గాలి తగిలి జిగురుగా మారి గట్టిపడుతుంది. కొబ్బరినూనె సంగతి వేరే చెప్పాలా? 24 డిగ్రీల కంటే చల్లబడితే సీసాలోనే గడ్డకడుతుంది, మిషనులో మాత్రం ఊరుకుంటుందా? పాతూరు అంగళ్ళలో దొరికే, నీళ్ళలా తేటగా ఉండే మిషన్ ఆయిల్ ఒక్కో రంధ్రంలో ఒక్క చుక్క చాలు. పోశాక పాతగుడ్డ మీద నాలుగు వరసలు కుట్టి చూడండి, లేకపోతే మొదటి మరక జాకెట్టు మీదే పడుతుంది.

అపోహ: ఉప్పు నీళ్ళలో నానబెడితే రంగు పోదు.

ఇది మా అవ్వ కూడా నమ్మింది. అద్దకం వేసేటప్పుడు రంగు నూలుకు బాగా ఎక్కడానికి ఉప్పు వాడే మాట నిజమే. అద్దేసిన గుడ్డను తర్వాత ఉప్పునీళ్ళలో వేసినంత మాత్రాన వదులుగా ఉన్న రంగు అంటుకోదు. అది ఉతికి పోగొట్టుకోవాల్సిందే. ఒకసారి ఒకామె వాళ్ళమ్మ చీరలతో బొంత కుట్టించుకుంది. ఎర్ర చీరను ఉప్పులో నానబెట్టామంది, నేనూ సరేనన్నాను. మొదటి ఉతుకుకే తెల్ల పొర గులాబీ రంగుకు తిరిగింది. అప్పటి నుంచి ప్రతి ముదురు గుడ్డనూ తడి తెల్లగుడ్డతో రుద్ది చూస్తాను. రంగు అంటితే అది పోయేదాకా విడిగా ఉతకాల్సిందే. అయినా తగ్గకపోతే ఆ చీర బొంతలోకి రాదు.

అపోహ: బొంతకు ఏ పాత చీరైనా సరిపోతుంది.

నూలు చీరకు సాటి లేదు. పాలిస్టరు చీర చెమట పీల్చదు, కుట్టేటప్పుడు జారుతుంది. జరీ అంచు ఉంటే కత్తిరించి పక్కన పెట్టండి, పిల్లల ఒంటికి గీరుకుంటుంది. అయిదున్నర మీటర్ల చీరను మూడు మడతలు వేస్తే దాదాపు ఆరడుగుల పొడవు వస్తుంది. రెండు చీరలైతే ఆరు పొరలు, మన చలికి అంతకు మించి అక్కర్లేదు. పైకి కొత్త గుడ్డ వేస్తే ముందు తడిపి ఆరబెట్టాలి, లేదంటే తర్వాత అదొక్కటే ముడుచుకుని బొంత బుడిపెలు తేలుతుంది.

పొరలన్నీ నేల మీద పరిచి, మధ్య నుంచి అంచుల వైపుకు జానెడు దూరంలో కచ్చా కుట్టు వేయండి. మిషను కుట్టు కూడా మధ్యలోనే మొదలుపెట్టాలి. అంచు నుంచి మొదలుపెడితే ముడతలన్నీ నడుమకు చేరతాయి. చేతికుట్టుకు మాత్రం ఈ పట్టు అక్కర్లేదు. కర్ణాటకలో ఉత్తర కన్నడ జిల్లాలో ఉండే, ఆఫ్రికా మూలాలున్న సిద్ది తెగ ఆడవాళ్ళు కవంది అనే బొంతను అంచు నుంచే చుట్టూ కుట్టుకుంటూ లోపలికి వస్తారు. గుడ్డముక్కలు ఒక్కొక్కటే పేర్చుతూ పోతారు కాబట్టి ముడతకు చోటుండదు.

గరుకు కాగితం కత్తిరిస్తే కత్తెర పదునెక్కుతుందంటారు. అంచున లేచిన గరుకు కాస్త పోతుందంతే, మొండిదానికి సాన తప్పదు. గుర్తులు పెట్టడానికి అరిగిపోయిన తెల్ల సబ్బు ముక్క మాత్రం నిజంగా మంచి చిట్కా. నా దగ్గర డబ్బా నిండా ఉన్నాయి.

ఇక దీపం పెట్టాక సూది ఇవ్వకూడదనేది. అపోహే అనుకోండి, నేనూ ఇవ్వను. చీకట్లో కింద పడితే వెతికేదెవరు? ఒంటి మీద ఉండగా బట్ట కుట్టకూడదన్న మాటను మాత్రం మొన్నటిదాకా లెక్కచేయలేదు. పెళ్ళికి వెళ్తూ మా చెల్లెలికి ఊడిన హుక్కు అట్లే కుట్టబోయాను. సూది వీపులో దిగింది. ఫొటోలన్నింట్లో మొహం చిట్లించుకునే ఉంది.