మొజాంబిక్ ఖాతాలో రెండే పతకాలు, రెండూ ముటోలావే

ఒలింపిక్స్‌లో మొజాంబిక్‌కు ఇప్పటివరకు దక్కినవి రెండు పతకాలు: 1996 అట్లాంటాలో కాంస్యం, 2000 సిడ్నీలో స్వర్ణం. రెండూ మహిళల 800 మీటర్లలోనే వచ్చాయి, రెండూ మరియా ముటోలా తెచ్చినవే. ఆమె 2008లో రిటైరయ్యాక ఆ లెక్క పెరగలేదు.

రాజధాని మపుటో శివారులోని షమన్‌కులులో 1972లో పుట్టింది. దేశానికి 1975లో స్వాతంత్ర్యం వచ్చింది, 1977లో మొదలైన అంతర్యుద్ధం 1992 దాకా సాగింది. మగపిల్లలతో ఫుట్‌బాల్ ఆడుతున్న ఈ అమ్మాయిని పరుగువైపు మళ్లించింది ప్రసిద్ధ కవి జోసె క్రవెయిరిన్యా. ఆయన కొడుకు స్టెలియో తొలి కోచ్. 1988 సియోల్ ఒలింపిక్స్‌కు వెళ్లేనాటికి ఆమెకింకా 16 నిండలేదు, 2:04.36తో హీట్‌లోనే, అంటే తొలి రౌండులోనే, ఆగిపోయింది.

మలుపు 1991లో వచ్చింది. వసతుల్లేని దేశాల క్రీడాకారుల కోసం అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ నడిపే ఒలింపిక్ సాలిడారిటీ స్కాలర్‌షిప్‌తో అమెరికాలోని ఆరెగన్ చేరి, స్ప్రింగ్‌ఫీల్డ్‌లో హైస్కూల్లో చదువుతూ శిక్షణ పొందింది. తర్వాత కోచ్ మార్గో జెన్నింగ్స్ ఆమెను చాలాకాలం తీర్చిదిద్దింది. 1991లోనే టోక్యో ప్రపంచ పోటీల్లో 1:57.63తో నాలుగో స్థానం. మూడేళ్లలో దాదాపు ఏడు సెకన్లు తగ్గాయన్నమాట. 1993 స్టుట్‌గార్ట్‌లో 1:55.43తో ప్రపంచ విజేత. మరుసటి ఏడాది జ్యూరిక్‌లో పరిగెత్తిన 1:55.19 ఆమె జీవితకాలపు అత్యుత్తమ టైమింగ్‌గా మిగిలింది.

800 మీటర్లలో మొదటి వంపు అయ్యేదాకా ఎవరి లేన్‌లో వాళ్లే ఉండాలి. ట్రాక్‌కు అడ్డంగా గీసిన బ్రేక్ లైన్ దాటాకే లోపలికి జరగాలి. ఆ గీత దగ్గర మంచి చోటు దొరకాలని అందరూ మొదటి వంపులోనే వేగం పెంచుతారు. పాదం లోపలి గీత మీద పడేది సరిగ్గా అప్పుడే. 1995 గోథెన్‌బర్గ్ ప్రపంచ పోటీల సెమీఫైనల్లో లేన్ తప్పిందని ముటోలాను అనర్హురాలిగా ప్రకటించారు. ప్రపంచ టైటిల్ అలా పోయింది. అదే నెల, ఆగస్టు 25న, బ్రసెల్స్‌లో 1000 మీటర్లను 2:29.34లో ముగించి ప్రపంచ రికార్డు కొట్టింది. ఇంతకు మించిన జవాబు ఏముంటుంది!

గీతకు భయపడి దూరంగా పరిగెత్తినా నష్టమే. లేన్ వెడల్పు 1.22 మీటర్లు. ఒక వంపంతా రెండో లేన్‌లో తిరిగితే అదనంగా పడే దూరం సుమారు 3.8 మీటర్లు, అంటే అర సెకను పైమాటే. పెద్ద ఫైనళ్లేమో అంతకంటే చాలా తక్కువ తేడాతో తేలేవి. 1999 సెవిల్ ప్రపంచ పోటీల్లో చెక్ రన్నర్ ఫోర్మనోవా చేతిలో ఆమె ఓడింది 0.04 సెకన్లతో. ఆ వేగంలో అది జానెడు కన్నా కాస్త ఎక్కువ. 2001 ఎడ్మంటన్‌లో ఆస్ట్రియా రన్నర్ గ్రాఫ్‌పై 0.03తో గెలిచింది.

సిడ్నీ ఫైనల్లో ఆఖరి వంద మీటర్లలోకి ముందుగా వచ్చింది బ్రిటన్ రన్నర్ కెల్లీ హోమ్స్. ముటోలా ఆమెను దాటి 1:56.15తో స్వర్ణం అందుకుంది. తర్వాత ఆ ఇద్దరూ జెన్నింగ్స్ దగ్గరే కలిసి సాధన చేశారు. 2003 పారిస్ ప్రపంచ పోటీల్లో ముటోలా స్వర్ణం, హోమ్స్ రజతం. ఆ ఏడాదే గోల్డెన్ లీగ్ అనే అథ్లెటిక్స్ పోటీల వరుసలో అన్నీ గెలిచి 10 లక్షల డాలర్ల జాక్‌పాట్‌ను ముటోలా ఒక్కతే పట్టుకెళ్లింది.

2004 ఏథెన్స్‌కు తొడ కండరం గాయంతోనే వచ్చింది. ఆఖరి మలుపు దాటేటప్పటికి ముందున్నది తనే. కానీ హోమ్స్ బయటివైపు నుంచి వచ్చి దాటేసింది. ముగింపు గీత దగ్గర మొరాకో రన్నర్ బెన్‌హసీ, స్లొవేనియా రన్నర్ చెప్లాక్ కూడా దాటేశారు. హోమ్స్ 1:56.38, ముటోలా 1:56.51. తేడా 0.13 సెకన్లు, దూరంలో మీటరు కూడా లేదు, పతకమూ లేదు. పారిస్ స్వర్ణానికి ఆమెకు పట్టింది 1:59.89. నిదానంగా సాగిన పరుగులో స్వర్ణం, మూడు సెకన్లకు పైగా వేగంగా పరిగెత్తిన చోట నాలుగో స్థానం. 800 మీటర్లలో గడియారం ఒక్కదాన్నే చూసి ఎవరినీ తూచలేం.

ఇన్‌డోర్‌లో 1993, 2006 మధ్య ఏడు ప్రపంచ టైటిళ్లు. 2008 బీజింగ్‌లో, తన ఆరో ఒలింపిక్స్‌లో, అయిదో స్థానం. ఆ తర్వాత కొంతకాలం దక్షిణాఫ్రికా రన్నర్ కాస్టర్ సెమెన్యాకు కోచ్‌గా పనిచేసింది. 2011లో మపుటోలో జరిగిన ఆల్ ఆఫ్రికా గేమ్స్‌లో దేశం తరఫున మైదానంలోకి దిగింది, ఈసారి ఫుట్‌బాల్ జట్టులో.