కానీకి చింతపండు పెట్టకండి

తాతల నాటి ట్రంకుపెట్టెలో నల్లబడ్డ కానీ (పావణా నాణెం) ఒకటి దొరికితే మన ఇళ్లలో వెంటనే చింతపండు బయటికొస్తుంది. నాణెం తళతళలాడుతుంది, దాని విలువ మాత్రం పిప్పితోపాటే సింకులోకి పోతుంది.

ఆ నలుపు మురికి కాదు. రాగి గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి ఏళ్ల తరబడి కట్టుకున్న పలచటి పొర, ఎక్కువగా కుప్రైట్ అనే ఆక్సైడ్. లోపలి లోహానికి అదే కాపలా. చింతపండులోని టార్టారిక్ ఆమ్లం దాన్ని కరిగిస్తుంది, తోముడుకు జార్జి రాజు గడ్డం గీతలు అరుగుతాయి. పచ్చి గులాబీ రంగు తేలిన అలాంటి నాణేన్ని సేకర్తలు ఒక్క చూపులో పట్టేస్తారు.

చెన్నైలో ఉండే మాకు ఇంకో బెడద, ఉప్పు గాలి. ఆ ఉప్పులోని క్లోరైడు రాగిలోకో కంచులోకో (తగరం కలిపిన రాగే కంచు) చేరితే క్యుప్రస్ క్లోరైడ్ తయారవుతుంది. తేమ, ఆక్సిజన్ తగిలితే అది లేతాకుపచ్చ పొడిగా మారుతూ ఆమ్లాన్ని విడుస్తుంది. ఆ ఆమ్లం కొత్త లోహాన్ని కొరికి మళ్లీ క్లోరైడ్ పుట్టిస్తుంది. దీనికి కంచు జబ్బు అని పేరు. భూతద్దం పెట్టి చూడండి. పచ్చదనం ముదురుగా, నున్నగా, గట్టిగా అంటుకుని ఉంటే భయం లేదు. అక్షరాల సందుల్లో సున్నం చల్లినట్టు లేత పొడి కనిపించి, పుల్లతో తాకగానే రాలి, కింద చిన్న గుంట మిగిలితే జబ్బే. ఆ కానీని వేరు చేసి, డిస్టిల్డ్ వాటర్ మార్చి మార్చి నానబెట్టి, పూర్తిగా ఆరాక తేమ పీల్చే సిలికా జెల్‌తో బిగుతు డబ్బాలో పెట్టాలి. మెత్తటి పీవీసీ ఆల్బమ్‌లు వద్దు, అవీ మెల్లగా ఆమ్లం వదులుతాయి. చెమటలోనూ ఉప్పే కాబట్టి నాణేన్ని అంచులు పట్టుకునే ఎత్తాలి.

ఇక గుర్తుపట్టడం. నా లెక్కలో బొమ్మ కంటే బరువు ముఖ్యం. 1906 అని ఉన్న ఏడో ఎడ్వర్డ్ రాజు కానీలు రెండు రకాలు. ఆ ఏడాదే ప్రభుత్వం రాగి మానేసి కంచుకు మారింది: 95 పాళ్లు రాగి, 4 తగరం, 1 జింక్. రెండిటి మీదా అదే రాజు, వెడల్పూ ఇంచుమించు అంతే. చిన్న డిజిటల్ కాటా మీద పెడితే గుట్టు రట్టవుతుంది. రాగిది దాదాపు 6.5 గ్రాములు, కంచుది 4.9. తగరం కలిస్తే రాగి గట్టిపడుతుంది, నాణెం పలచనైనా తట్టుకుంటుంది. యుద్ధకాలంలో లోహం ఇంకా పొదుపు చేయాల్సొచ్చి, 1943లో మధ్యలో చిల్లున్న కానీ వచ్చింది. దాని బరువు 2 గ్రాముల చుట్టూ.

అయిదో జార్జి కానీలపై ఏడాది అంకె కింద చిన్న చుక్క ఉంటే బొంబాయి టంకశాలది, లేకపోతే కలకత్తాది. మద్రాసు గుర్తు కోసం వెతకొద్దు. షావుకారుపేటలో మింట్ స్ట్రీట్‌కు పేరు తెచ్చిన టంకశాల 1869లోనే మూతపడింది. 1911 నాణెమైతే రాజు హారంలోని ఏనుగును చూడండి. అచ్చం పందిలా ఉందని రూపాయి విషయంలో గొడవై, మరుసటి ఏడాది ఆ బొమ్మ మార్చారు.

మా ఊరికి సంబంధించిన అంతకుముందటి రాగి నాణేల్లో ఒక చిత్రమైన కథ ఉంది. మద్రాసు కోసం బర్మింగ్‌హామ్‌లో కొట్టించిన 1808 నాటి 10 కాసుల, 20 కాసుల నాణేలను మోసుకొస్తూ అడ్మిరల్ గార్డనర్ అనే ఓడ 1809 జనవరిలో ఇంగ్లండ్ తీరంలోనే మునిగింది. 1980లలో వాటిని గుట్టలుగా పైకి తీశారు. అందుకే రెండు వందల ఏళ్లు దాటినా ఆ కాసులు బజారులో అరుదేమీ కాదు. పాతదైతే ఖరీదైనదే అనుకునేవాళ్లు దీన్ని గుర్తుంచుకోవాలి.

నకిలీల్లో ఎక్కువగా తగిలేవి రాముడు, హనుమంతుడు బొమ్మలతో ఈస్టిండియా కంపెనీ, 1818 అని రాసి ఉన్న అణాలు. కంపెనీ అలాంటివి ఎన్నడూ వేయలేదు. వీటినే బియ్యాన్ని లాగే నాణేలని, రైస్ పుల్లర్లని లక్షలకు అంటగడతారు. రాగికి గానీ కంచుకు గానీ అయస్కాంతంలా లాగే గుణం లేదు, బియ్యానికి అంటుకునే గుణమూ లేదు. గింజల్లో ఇనుప రజను కలిపి, నాణెం చాటున అయస్కాంతం దాచి ఆ ఆట ఆడిస్తారు. మీ ఇంటి డబ్బాలోని బియ్యంతో చూపించమని అడగండి, బేరం అక్కడే తెగుతుంది.