లీడ్స్ టెర్రస్ ఇళ్లు: అపోహలు – వాస్తవాలు

ఇంగ్లండ్‌లోని లీడ్స్‌లో విక్టోరియా కాలపు టెర్రస్ ఇళ్లను, అంటే గోడలు పంచుకుంటూ వరుసగా కట్టిన ఇళ్లను, సర్వే చేయడం నా వృత్తి. ఇక్కడ ఇల్లు కొనే మనవాళ్ల దగ్గర తరచూ వినేవి ఇవీ.

అపోహ: గోడకు చెమ్మ ఎక్కిందంటే డీపీసీ (నేల చెమ్మను ఆపడానికి గోడ అడుగున వేసే పొర) పోయినట్టే. బెజ్జాలు పెట్టి కెమికల్ ఎక్కించాల్సిందే.

వాస్తవం: ముందు బయటికెళ్లి చూడండి. ఇవి 9 అంగుళాల ఇటుక గోడలు, మధ్యలో ఖాళీ ఉండదు. 1870ల తర్వాత కట్టిన చాలా ఇళ్లలో డీపీసీగా గోడ అడుగున స్లేటు పలకలు పరిచారు. స్లేటు అంత తేలిగ్గా పాడవదు. తర్వాతెవరో పెరట్లో కాంక్రీటు పోసి, నేలమట్టాన్ని ఆ పలకల పైదాకా లేపేసి ఉంటారు. నేల ఆ పలకలకు కనీసం 150 మిల్లీమీటర్లు కిందుండాలి. కారే వాన గొట్టమూ, చెక్క నేల కిందికి గాలి వెళ్లే చిల్లుల ఇటుకను మూసేయడమూ మిగతా కారణాలు.

చెమ్మ చూసే మీటరు గోడకు ఆనించగానే బీప్‌మంటే టెన్షన్ పడకండి. అది చెక్కలో తేమ కొలిచే లెక్కతో తయారైంది. ప్లాస్టర్‌లో ఉప్పు పేరుకున్నా మోగుతుంది. ఆ మీటరు పట్టుకుని ‘ఫ్రీ సర్వే’కి వచ్చినాయన అమ్మేదేమిటో కూడా అడగండి.

అపోహ: ఇటుకల సందులు సిమెంటుతో పూడిస్తే గోడ గట్టిపడుతుంది.

వాస్తవం: నాకు బాగా చిరాకు తెప్పించేది ఇదే. పాత మాలు సున్నంది. వాననీళ్లు పీల్చిన గోడ ఆ సున్నం సందుల్లోంచే ఆరుతుంది. సిమెంటు ఆ దారి మూసేస్తే తడి ఇటుకలోనే ఉండిపోతుంది, చలికాలంలో గడ్డకడుతుంది. నాలుగు చలికాలాలు పోయాక చూస్తే ఇటుకల ముఖం పెచ్చులు పెచ్చులుగా రాలిపోయి, సిమెంటు గీతలు మాత్రం ఖాళీ ఫ్రేముల్లా ముందుకు పొడుచుకొచ్చి ఉంటాయి. మళ్లీ సున్నంతో పూడ్చొచ్చు కానీ, రాలిన ఇటుక తిరిగి రాదు.

అపోహ: టెర్రస్ ఇళ్లన్నీ ఒకటే.

వాస్తవం: లీడ్స్‌లోని హేర్‌హిల్స్ వైపు బ్యాక్-టు-బ్యాక్ ఇళ్లు, అంటే వెనక గోడ కూడా ఇంకో ఇంటితో పంచుకునేవి, చాలా ఉన్నాయి. వెనక తలుపుండదు, పెరడుండదు, వరుస చివరి ఇల్లు కాకపోతే మూడు వైపులా పక్కవాళ్లే. 1909 చట్టం వీటిని నిషేధించినా, ముందే అనుమతి పొందిన ప్లాన్ల పేరుతో లీడ్స్‌లో 1937 దాకా కట్టారు. వెనక్కి పెంచుకునే ఆలోచన ఉంటే వీటి జోలికి వెళ్లకండి.

అపోహ: పొయ్యి వాడట్లేదు, హాల్లో చిమ్నీ గోడ తీసేస్తే చోటు కలిసొస్తుంది.

వాస్తవం: పై గదిలో, అటకలో, కప్పు మీద ఉన్న చిమ్నీ బరువంతా దాని మీదే ఉంది. ఇంజనీరు లెక్కగట్టిన ఉక్కు ఆధారం, బిల్డింగ్ కంట్రోల్ (కట్టడాల నిబంధనలు చూసే విభాగం) అనుమతి కావాలి. ఆ గోడ ఉమ్మడిదైతే 1996 పార్టీ వాల్ చట్టం ప్రకారం పక్కింటివాళ్లకు రెండు నెలల ముందే నోటీసివ్వాలి. మీరు కొనే ఇంట్లో ఇదివరకే తీసేసి ఉంటే, ఆ కాగితాలు చూశాకే సంతకం పెట్టండి.