గోరుచుట్టు కాని గోరుచుట్టు

బుజ్జీ, చిన్నోడా,

మీ ఉత్తరం చదివాను. డ్రాయింగు మాస్టారి బొటనవేలు వాచిందట, గోరుచుట్టనుకుని మందులు వాడితే తగ్గలేదట, చివరికి చిన్న ముక్క తీసి పరీక్షిస్తే అవి ఊపిరితిత్తి క్యాన్సర్ కణాలని తేలిందట. "ఊపిరితిత్తి ఎక్కడ, వేలు ఎక్కడ తాతయ్యా?" అని అడిగారు.

జిల్లేడు కాయ పగలడం చూశారా? ఎండకి నిలువునా విచ్చుకుంటుంది. లోపల బిళ్లల్లాంటి గింజలు, ఒక్కోదానికీ తెల్లటి పట్టుకుచ్చు. గాలి తగిలితే చాలు, బయల్దేరతాయి. నా ఎనిమిదో ఏట జేబునిండా తెచ్చి ఇంటిచుట్టూ ఊదాను. ఆ పాలు కంట్లో పడితే ఏమవుతుందని అమ్మ వీపు మీద ఒకటి వేసి చేతులు కడిగించింది. వానలు పడ్డాక రోజూ వెతికాను. మెత్తగా తవ్విన పాదుల్లో ఒక్కటీ మొలవలేదు. ఎవరూ చూడని మెట్టు పగులులో ఒకటి మొలిచింది!

క్యాన్సర్ గడ్డ కూడా కాయలాంటిదే. కణాలు విడివడి రక్తంలో పడతాయి. చాలామటుకు దారిలోనే చస్తాయి. ఎలుకల మీద చేసిన ప్రయోగాల్లో వెయ్యింటికి ఒకటి మిగిలితే గొప్ప. మరి మిగిలినవి ఎక్కడ మొలుస్తాయి? 1889లో స్టీఫెన్ పేజెట్ అనే ఇంగ్లీషు సర్జన్, రొమ్ము క్యాన్సర్‌తో చనిపోయిన 735 మంది వివరాలు ముందేసుకుని ఇదే ఆలోచించాడు. గింజ అన్ని వైపులకీ పోతుంది గానీ నచ్చిన నేలలోనే మొలుస్తుందని తేల్చాడు. నా జిల్లేడు సంగతి ఆయనకెలా తెలిసిందో!

ఊపిరితిత్తికి ఇంకో సంగతి ఉంది. ఒంట్లో మిగతా చోట్ల నుంచి వచ్చే రక్తం గుండెకి చేరి, ముందు ఊపిరితిత్తుల సన్నని నాళాల్లో వడకట్టుకుంటుంది. వేరేచోట పుట్టిన క్యాన్సర్ కణాలు చాలా అక్కడే చిక్కుకుంటాయి. ఊపిరితిత్తిలోనే పుట్టినవాటికి ఆ జల్లెడ అడ్డం లేదు. నేరుగా గుండె ఎడమవైపుకి, అక్కడి నుంచి ధమనుల్లో ఒళ్లంతా పోతాయి. ఎక్కువగా మెదడు, ఎముకలు, కాలేయం, మూత్రపిండాల మీద టోపీల్లా కూర్చునే అడ్రినల్ గ్రంథులు. ఎప్పుడో అరుదుగా తల మీది చర్మం, పంటి చిగురు, కంటి లోపలి పొర, చిన్నపేగు, మీ మాస్టారికి లాగా వేలికొస ఎముక. చేతివేళ్లకి పాకిన క్యాన్సర్లలో అన్నిటికన్నా ఎక్కువగా కనబడేది ఊపిరితిత్తిదే.

కండరాలు చూడండి, ఒంట్లో అంత భాగం వాటిదే, రక్తమూ దండిగా పారుతుంది. అయినా అక్కడ మొలవడం చాలా అరుదు. ఎప్పుడూ కదిలే నేల కాబట్టి అంటారు కొందరు. మరి వేలు కదలదా? ఇక్కడ నా జిల్లేడు గింజ నోరు మూసుకుంటుంది. పోనివ్వండి, తాతయ్యకి అన్నీ తెలియాలని ఎక్కడుంది?

ఒకటి మాత్రం గుర్తుంచుకోండి. గులాబీ మడిలో మొలిచినా జిల్లేడు జిల్లేడే. వేలిలో ఉన్నా ఆ కణాలు ఊపిరితిత్తివే, మందూ ఆ క్యాన్సర్‌కి ఇచ్చేదే. అలాగని మీకు గోరుచుట్టు వస్తే ఏడుపు మొదలెట్టకండి, అది గోరుచుట్టే అయి ఉంటుంది. ఇది అంటుకునే జబ్బు కూడా కాదు. మాస్టారి చెయ్యి పట్టుకోవడానికి వెనకాడారని తెలిస్తే మాత్రం నాకు కోపం వస్తుంది.

ఆయన దగ్గరికి వెళ్లేటప్పుడు దారిలో గోడలు, మెట్లు, తూముల అంచులు చూస్తూ నడవండి. ఏ పగులులో ఏ మొక్క ఉందో బొమ్మ గీసి ముందు ఆయనకి చూపించండి, తర్వాత నాకు పంపండి.

మీ తాతయ్య