లాంగ్ రైడ్‌లో చేతులు తిమ్మిరెక్కుతున్నాయా? ముందు ఏ వేళ్లో చూసుకోండి

"అన్నా, మంచి బార్ ఎండ్ వెయిట్లు ఉంటే వేసెయ్, చేతులు మొద్దుబారిపోతున్నాయి" అంటూ నా బైక్ రిపేరు షెడ్డుకు వచ్చేవాళ్లు నెలకు ఇద్దరు ముగ్గురైనా ఉంటారు. బార్ ఎండ్ వెయిట్లంటే హ్యాండిల్ కొసల్లో బిగించే బరువులు. నేను పానా తీయకముందే ఒకటి అడుగుతాను: "ఏ వేళ్లు?" చాలామంది ఆగి, అప్పుడే మొదటిసారి చూస్తున్నట్టు తమ చేతుల వైపు చూసుకుంటారు. బండిలో ఏం సరిచేయాలో సగం చెప్పేది ఆ వేళ్లే. రోజూ వినే అపోహల్లో ముఖ్యమైనవి ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: రక్తం ఆడక తిమ్మిరెక్కుతుంది, రెండుసార్లు విదిలిస్తే సరి

విదిలిస్తే తగ్గే మాట నిజమే. అయితే ఎక్కువగా పనిచేసేది విదిలించడం కన్నా, ఆ కాసేపు హ్యాండిల్ వదిలేయడం. రైడింగ్‌లో వచ్చే తిమ్మిరిలో చాలాసార్లు నలిగేది నరం.

అరచేతిలోకి వచ్చే నరాల్లో మనకు ముఖ్యమైనవి రెండు. అల్నార్ నరం చిటికెన వేలి వైపు నుంచి వస్తుంది. మణికట్టు దాటగానే, అరచేతి అడుగున కండ ఉబ్బెత్తుగా ఉండే చోట అది పెద్దగా కాపు లేకుండా ఉంటుంది. ఒంటి బరువంతా సరిగ్గా అక్కడే గ్రిప్ మీద పడితే చిటికెన వేలు, ఉంగరపు వేలు మొద్దుబారతాయి. రెండోది మీడియన్ నరం. ఇది మణికట్టు మధ్యలో కార్పల్ టనెల్ అనే ఇరుకు దారిలోంచి, వేళ్లను కదిపే తంతువులతో పాటు వస్తుంది. మణికట్టు గంటల తరబడి వంగి ఉన్నా, పిడికిలి బిగిసి ఉన్నా ఆ దారి మరింత ఇరుకవుతుంది. అప్పుడు బొటనవేలు, చూపుడు వేలు, మధ్య వేలు జివ్వుమంటాయి.

కాబట్టి చివరి రెండు వేళ్లయితే ముందు బరువు ఎక్కడ పడుతోందో చూస్తాను: సీటు మీద ముందుకు జారుతున్నారా, హ్యాండిల్ మరీ కిందికి ఉందా అని. మొదటి మూడు వేళ్లయితే లివర్లు, మణికట్టు వంపు, పట్టు చూస్తాను. అయిదు వేళ్లూ మొద్దుబారి, మెడా భుజాలూ కూడా లాగుతున్నాయంటే వీపు మీద బరువైన బ్యాగు ఉందేమో అడుగుతాను. పట్టీలు భుజాన్ని నొక్కితే చెయ్యి మొత్తం తిమ్మిరెక్కవచ్చు. బ్యాగు బండికి కట్టి ఒక రోజు నడిపి చూడమంటాను.

అపోహ: తిమ్మిరికి వైబ్రేషన్ ఒక్కటే కారణం

నేను గట్టిగా కాదనేది దీన్నే. వైబ్రేషన్ వాటా ఉంది. కానీ అదే బండి మీద ఒకరికి చేతులు మొద్దుబారతాయి, ఇంకొకరికి ఏమీ కాదు. తేడా కూర్చునే తీరులో, పట్టుకునే తీరులో ఉంటుంది.

ఒక రైడర్ సంగతి చెబుతాను. రెండు గంటలు దాటితే కుడిచెయ్యి తనది కానట్టు ఉంటోందన్నాడు. అప్పటికే గ్రిప్పులు, గ్లవ్స్, వెయిట్లు అన్నీ మార్చేశాడు. బండిని నిటారుగా నిలబెట్టి, ఎక్కి కూర్చుని కళ్లు మూసుకోమన్నాను. చేతులు హ్యాండిల్ మీద పెట్టి బ్రేక్ లివర్ మీద రెండు వేళ్లు చాపమన్నాను. వేళ్లు చాపగానే మణికట్టు వెనక్కి విరిచినట్టు వంగింది, చేతి వెనక చర్మం ముడతలు పడింది. లివర్ దాదాపు నేలకు సమాంతరంగా, మరీ పైకి బిగించి ఉంది. క్లాంపు బోల్టులు రెండూ కొంచెం వదులు చేసి, మోచేతి నుంచి వేలి కొసల దాకా ఒకే గీతలో వచ్చేవరకు లివర్‌ని కిందికి తిప్పి మళ్లీ బిగించాను. పట్టిన సమయం అయిదు నిమిషాలు.

తర్వాత యాక్సిలరేటర్ తిప్పి వదిలాను. టప్పున వెనక్కి రావాల్సింది బద్ధకంగా వచ్చింది. గ్రిప్ లోపలి ప్లాస్టిక్ గొట్టం దుమ్ముతో, ఎండిన గ్రీజుతో పట్టేసి ఉంది. అంటే దారి పొడవునా అతను స్ప్రింగ్‌తో పాటు ఆ రాపిడితో కూడా పోరాడుతున్నాడు. గొట్టం శుభ్రం చేసి, కేబుల్‌కు నూనె పట్టించి, ఫ్రీ ప్లే (కేబుల్ బిగిసేలోపు గ్రిప్ ఊరికే తిరిగే మేర) మాన్యువల్ ప్రకారం పెట్టాను. తర్వాతి ట్రిప్ నుంచి వచ్చాక తిమ్మిరి పూర్తిగా పోలేదన్నాడు, కానీ నాలుగు గంటల తర్వాత గానీ మొదలవలేదట. బండిలో వైబ్రేషన్ మాత్రం మునుపు ఎంతుందో అంతే ఉంది.

పట్టు సంగతి ఇంకా ముఖ్యం. హ్యాండిల్‌ని ఎంత బిగించి పట్టుకుంటే వణుకు అంత ఎక్కువగా ఎముకల్లోకి ఎక్కుతుంది. పట్టు కోడిపిల్లని పట్టుకున్నట్టు ఉండాలి, జారిపోకూడదు, నలగకూడదు. అలా పట్టుకోవాలంటే ఒంటిని మోసేది చేతులు కాకూడదు. మోకాళ్లతో ట్యాంకును కరిచిపట్టి, బరువు నడుము మీదా కాళ్ల మీదా వేసి, మోచేతులు కాస్త వంచి ఉంచండి. నడుస్తున్నప్పుడు అప్పుడప్పుడు వేళ్లను గ్రిప్ మీద పియానో వాయించినట్టు ఒక్కొక్కటిగా కదిపి చూడండి. అవి కదలకపోతే మీకు తెలియకుండానే పిడికిలి బిగిసిందన్నమాట.

అపోహ: బార్ ఎండ్ వెయిట్లు వైబ్రేషన్‌ను పీల్చేస్తాయి

వట్టి లోహపు వెయిట్ దేన్నీ పీల్చుకోదు. ప్రతి హ్యాండిల్‌కూ తనదైన ఒక ఊపు ఉంటుంది. ఇంజన్ వణుకు ఆ లెక్కకు సరిగ్గా కలిసినప్పుడు హ్యాండిల్ విపరీతంగా ఊగుతుంది. అందుకే చాలా బండ్లలో ఒక ఆర్పీఎం (ఇంజన్ నిమిషానికి ఎన్నిసార్లు తిరుగుతోందనే లెక్క) దగ్గర అద్దంలో బొమ్మ చెదిరిపోయి, కాస్త పైకో కిందికో పోతే మళ్లీ తేటపడుతుంది. కొసల్లో బరువు పెంచితే ఆ ఊపు నెమ్మదిస్తుంది, అంటే చెదిరే ఆర్పీఎం కిందికి జరుగుతుంది. కొసల కదలిక కూడా కొంత తగ్గుతుంది.

ఇక్కడే చాలామంది దెబ్బతింటారు. మీ బండి 7000 దగ్గర వణుకుతూ, మీరు రోజంతా 5500 దగ్గర నడుపుతుంటే, బరువు వేసి ఆ వణుకును మీరు నడిపే చోటికే తెచ్చుకునే ప్రమాదం ఉంది. కొనేముందు ఏ ఆర్పీఎంలో వణుకుతోందో, మీరు ఎక్కువసేపు ఎక్కడ నడుపుతున్నారో రెండూ రాసుకోండి. బరువుకు, హ్యాండిల్ గొట్టానికి మధ్య రబ్బరు ఉన్న రకాలు కొంత శక్తిని నిజంగానే వేడిగా మార్చి తగ్గిస్తాయి. నేనయితే వాటికే మొగ్గుతాను.

అపోహ: వణుకు ఏదైనా ఇంజన్‌దే

ఇంజన్ 6000 ఆర్పీఎంలో ఉంటే క్రాంక్ (పిస్టన్లు తిప్పే ఇరుసు) సెకనుకు 100 సార్లు తిరుగుతుంది. దాని వణుకు చేతికి సన్నగా, జుమ్మని తెలుస్తుంది. 17 అంగుళాల ముందు చక్రం 80 కిలోమీటర్ల వేగంలో సెకనుకు దాదాపు 12 సార్లు తిరుగుతుంది. చక్రం బ్యాలెన్స్ తప్పితే వచ్చేది ముతకగా, దడదడలాడే ఊపు. దేనిదో తేలాలంటే ఖాళీగా ఉన్న తిన్నని రోడ్డు మీద అదే వేగంలో యాక్సిలరేటర్ వదిలి క్లచ్ పట్టండి. వణుకు ఠక్కున పోతే ఇంజన్ వైపు చూడాలి. బండి వేగంతో పాటే మెల్లగా తగ్గితే టైరు, చక్రం బ్యాలెన్స్, బేరింగులు, స్టీరింగ్ కోన్ సెట్ (హ్యాండిల్ తిరిగే చోటి బేరింగులు) చూడాలి.

ఇంజన్ వైపు నేను ముందు చూసేది మౌంటింగ్ బోల్టులు. ఒక్కటి వదులైనా ఫ్రేమ్ అంతా మోగుతుంది. తర్వాత చైన్: చక్రం తిప్పుతూ ఒకచోట బిగుతుగా, ఇంకోచోట వదులుగా ఉందేమో చూస్తాను. వెనక చక్రం హబ్‌లోని రబ్బర్లు అరిగినా అనుమానించాల్సిందే. ఇంజన్ విప్పి బిగించాకే వణుకు మొదలైందంటే బ్యాలెన్సర్ (ఇంజన్ వణుకుకు ఎదురు తూగే షాఫ్ట్) గేరు గుర్తులు కలిశాయో లేదో అడగండి. ఒక్క పన్ను తప్పినా వణుకును తగ్గించాల్సిన షాఫ్టే దాన్ని పెంచుతుంది.

అపోహ: సింగిల్ సిలిండర్‌కే ఈ బాధ, నాలుగు సిలిండర్లయితే ఉండదు

వరసగా నాలుగు సిలిండర్లున్న మామూలు ఇంజన్‌లో పిస్టన్ల పెద్ద ఊపులు ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. కానీ పిస్టన్‌ను క్రాంక్‌కు కలిపే కనెక్టింగ్ రాడ్ వాలడం వల్ల పిస్టన్ పై కొసలోనూ కింది కొసలోనూ ఒకేలా మలుపు తిరగదు. ఆ తేడా వల్ల క్రాంక్ ఒకసారి తిరిగేలోపు రెండుసార్లు వణుకు పుడుతుంది. నాలుగు పిస్టన్లదీ ఒకే దిక్కులో కలుస్తుంది. 6000 దగ్గర అది సెకనుకు 200 సార్లు. కంటికి కనపడదు, వేళ్లకు మాత్రం చీమలు పాకినట్టు ఉంటుంది. వణుకును ఆపలేకపోతే మనిషి దాకా రానివ్వకుండా చూడటం మరో దారి. 1967లో వచ్చిన నార్టన్ కమాండో అనే బ్రిటిష్ బైక్‌లో ఇంజన్, గేర్‌బాక్స్, స్వింగ్ ఆర్మ్ (వెనక చక్రాన్ని పట్టుకునే చేయి) మూడింటినీ ఒకటిగా కట్టి రబ్బరు మీద నిలబెట్టారు.

అపోహ: గ్లవ్స్ ఎంత మందంగా ఉంటే అంత మంచిది

మందం పెరిగితే గ్రిప్ లావైనట్టే, పట్టుకోవడానికి ఇంకా బిగించాలి. మెత్తటి పొర సన్నని, వేగవంతమైన వణుకును కొంత తగ్గిస్తుంది, ముతక ఊపుకు పెద్దగా పనికిరాదు. మణికట్టు పట్టీ మాత్రం వదులుగా పెట్టుకోండి.

అపోహ: టాప్ గేర్‌లో ఆర్పీఎం ఎంత తక్కువైతే అంత హాయి

మరీ కిందికి దించితే ఇంజన్ గుంజుతుంది, ఒక్కో పేలుడూ విడివిడిగా చేతికి కొడుతుంది. ఆర్పీఎం కాస్తే తగ్గించాలంటే ముందువైపు స్ప్రాకెట్ (చైన్‌ను తిప్పే పళ్ల చక్రం) 14 పళ్లది తీసి 15 పళ్లది వేయవచ్చు. అదే వేగానికి 6000 తిరిగే ఇంజన్ 5600 తిరుగుతుంది. పికప్ కొంచెం తగ్గుతుంది. కొన్ని బండ్లలో స్పీడోమీటర్ లెక్క కూడా మారుతుంది, ముందే చూసుకోండి.

అపోహ: కొన్నాళ్లకు అలవాటైపోతుంది

ఈ మాట వింటే నాకు నిజంగా టెన్షన్ వస్తుంది. అమెరికాలో ఇండియానా సున్నపురాయి గనుల్లో గాలి సుత్తులతో పనిచేసేవాళ్ల వేళ్లు తెల్లబడి మొద్దుబారడాన్ని ఆలిస్ హామిల్టన్ అనే డాక్టర్ 1918లోనే నమోదు చేశారు. యూరోపియన్ యూనియన్ 2002లో కార్మికుల చేతులకు తగిలే వైబ్రేషన్‌కు చట్టప్రకారం హద్దులు పెట్టింది. సెలవులకు నడిపే బండి రోజంతా పట్టుకునే డ్రిల్లు లాంటిది కాదు. కానీ బండి మీదే రోజంతా బతికేవాళ్లు దీన్ని తేలిగ్గా తీసుకోకూడదు. పైగా మొద్దుబారిన వేళ్లకు బ్రేక్ ఎంత నొక్కుతున్నామో సరిగ్గా తెలియదు.

గంటకోసారి ఆగి, గ్లవ్స్ తీసి, మణికట్లు రెండువైపులా మెల్లగా వంచండి. దిగిన కొన్ని గంటలకూ తిమ్మిరి పోకపోయినా, రాత్రి నిద్రలో చేతి తిమ్మిరికి మెలకువ వస్తున్నా, చొక్కా గుండీ పెట్టుకోవడం కష్టమవుతున్నా, చలికి వేళ్లు తెల్లగా పాలిపోతున్నా డాక్టర్‌కు చూపించండి. షుగర్, థైరాయిడ్ ఉన్నవాళ్లకు మణికట్టులో నరం నలిగే అవకాశం మామూలుగానే ఎక్కువ, ఆ సంగతి డాక్టర్‌కు ముందే చెప్పండి. ఏ వేళ్లు, ఎంతసేపు నడిపాక, దిగాక ఎంతసేపటికి తగ్గింది, ఈ మూడూ కాగితం మీద రాసుకుని వెళ్లండి. బండి తీసుకుని నా దగ్గరికి వచ్చినా నేను అడిగేవి ఇవే.