మెడిటరేనియన్ తిండితో బిడ్డకు తొలిముద్దలు: అపోహలు - వాస్తవాలు

ఆరో నెల నిండుతున్న బిడ్డను ఎత్తుకుని వచ్చే అమ్మానాన్నలు ఈమధ్య తరచుగా అడిగే మాట: "మేడం, అన్నప్రాశన అయ్యాక మెడిటరేనియన్ డైట్ మొదలుపెట్టొచ్చా?" మధ్యధరా సముద్రం చుట్టూ ఉన్న దేశాల సంప్రదాయ తిండి ఇది. నిక్షేపంగా పెట్టొచ్చు. తల్లిపాలు మానకుండా, ఆరు నెలలు నిండాక. అయితే దీని చుట్టూ అల్లుకున్న కొన్ని మాటలు ముందు వదిలించుకోవాలి.

అపోహ: ఆలివ్ నూనె, అవకాడో, బ్లూబెర్రీలు కొనగలిగినవాళ్లకే ఇది.

వాస్తవం: 1958లో అమెరికా శాస్త్రవేత్త యాన్సెల్ కీస్ ఏడు దేశాల్లో మొదలుపెట్టిన అధ్యయనంతో ఈ ఆహారానికి పేరొచ్చింది. అందులో గ్రీసుకు చెందిన క్రీట్ దీవి పల్లెవాళ్లు తిన్నది ఖరీదైన భోజనమేమీ కాదు. ఆకుకూరలు, పప్పుదినుసులు, పండ్లు, రొట్టె, ఆలివ్ నూనె, కాస్త చేప. మాంసం, తీపి తక్కువ. మీరు ఎర్రగడ్డ రైతుబజారుకెళ్లి తోటకూర, గుమ్మడికాయ, టమాటాలు తెచ్చి, కాబూలీ శనగలు నానబెడితే సగం పని అయిపోయినట్టే. ఆలివ్ నూనె ఉంటే మంచిదే. లేకపోతే వేరుశనగ నూనె వాడండి, రెంటిలోనూ ఒలీక్ ఆమ్లం అనే మంచి కొవ్వు ఎక్కువ. సీసాల్లో వచ్చే విదేశీ గుజ్జుల మీద డబ్బు పోయొద్దని గట్టిగా చెబుతాను.

అపోహ: పప్పుకట్టు, కూరగాయలు ఉడికించిన నీళ్లలోనే బలమంతా ఉంటుంది.

వాస్తవం: బలం పప్పులో ఉంది, నీళ్లలో కాదు. ఇటలీలోనూ కూరగాయల నీళ్లతోనే మొదలుపెట్టే ఆనవాయితీ ఉంది. కానీ వాళ్లు అందులో బియ్యప్పిండో రవ్వో ఉడికించి, చెంచాడు ఆలివ్ నూనె కలిపి చిక్కగా పెడతారు. తల్లిపాలు తాగే బిడ్డకు 6-8 నెలల వయసులో తిండి ద్వారా రోజుకు సుమారు 200 కిలోక్యాలరీలు అందాలి. ఆ చిన్న పొట్టను నీళ్లతో నింపితే అవి ఎక్కడి నుంచి వస్తాయి? చెంచా వంచినా జారిపోనంత చిక్కగా ఉండాలి.

అపోహ: మొహం తిప్పేసిందంటే పాపకు ఆ కూర నచ్చలేదని అర్థం.

వాస్తవం: అలవాట్లు ఏర్పడేది ఇక్కడే, చాలామంది చేతులెత్తేసేదీ ఇక్కడే. తీపి మీద ఇష్టం పుట్టుకతోనే ఉంటుంది. పాలకూర రుచి నేర్చుకోవాలి. ఒక కూరను బిడ్డ ఒప్పుకోవడానికి ఎనిమిది, పదిసార్లు రుచి చూపాల్సి రావచ్చు. రెండోసారికే బిస్కెట్లు పాలలో నానబెట్టి ఇచ్చేస్తే పాప నేర్చుకునేది బిస్కెట్ రుచే. బలవంతం చేయకండి, రెండు చెంచాలు చాలు, ఒకట్రెండు రోజులాగి మళ్లీ పెట్టండి. ప్రతి కూరలో అరటిపండు కలిపి తియ్యగా చేయొద్దు. అన్నీ కలిపి ఒకే ముద్దగా రుబ్బొద్దు కూడా. సొరకాయ సొరకాయలా, బీన్స్ బీన్స్‌లా తెలియాలి.

అపోహ: గుడ్డు, వేరుశనగ, చేప ఏడాది దాటాకే.

వాస్తవం: తీవ్రమైన ఎగ్జిమా (చర్మం దురదపెట్టే జబ్బు) లేదా గుడ్డు అలర్జీ ఉన్న పసివాళ్లకు చిన్నప్పటి నుంచే వేరుశనగ తినిపిస్తే వేరుశనగ అలర్జీ వచ్చే ముప్పు బాగా తగ్గుతుందని 2015లో వెలువడిన లీప్ అధ్యయనం చూపింది. అలాంటి బిడ్డలకు మాత్రం డాక్టరును అడిగే మొదలుపెట్టాలి. మిగతావాళ్లకు పల్లీల ముద్దను పలచగా కలిపి పెట్టొచ్చు. పల్లీలు, బాదం గింజలుగా మాత్రం ఐదేళ్లలోపు వద్దు, గొంతుకు అడ్డం పడతాయి. ఆరు నెలలకు ఒంట్లోని ఇనుము నిల్వలు తరిగిపోతాయి కాబట్టి గుడ్డు, ముళ్లు తీసిన కొరమీను, మెత్తటి చికెన్ అవసరం. శాకాహారులైతే పప్పు, ఆకుకూరలో నిమ్మరసం పిండితే ఇనుము బాగా ఒంటబడుతుంది.

అపోహ: తేనె సహజమైనది, కాస్త నాకించొచ్చు.

వాస్తవం: ఏడాది లోపు చుక్క కూడా వద్దు. అందులో బొట్యులిజం అనే ప్రమాదకరమైన జబ్బు కలిగించే బ్యాక్టీరియా బీజాలు ఉండొచ్చు. బజారులో దొరికే ఆలివ్ కాయలు, ఫెటా చీజ్, డబ్బా హమ్మస్ (శనగల ముద్ద)లో ఉప్పు ఎక్కువ, అవీ వద్దు. శనగలు ఇంట్లోనే ఉడికించి, నువ్వులు, వెల్లుల్లితో రుబ్బండి. ఇంటిల్లిపాదికీ వండే పప్పులోంచి ఉప్పు, కారం వేయకముందే బిడ్డ వాటా తీసి, నూనె కలిపి, మీతోపాటే కూర్చోబెట్టి తినిపించండి.